సంతకం లేని హెచ్చరిక

నాందేడ్‌లో వరద హెచ్చరికలు పంపే ఆ సర్కారు ఆఫీసులో తెలుగు గొంతు ఒక్కటే ఉంది. అది మీరాది. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టు కాగితం మారుతూ ఎనిమిదేళ్లు గడిచాయి. కూలికి పోయే శివవ్వ కూతురు, గోదావరి ఒడ్డు వాడలో పుట్టిన పిల్ల, ఆ కుర్చీ దాకా రావడం ఆషామాషీ కాదు. మరాఠీలో డిగ్రీ చదివింది. ఊరి యాసను నాలుక మీది నుంచి గీకి పారేసింది. అచ్చిండు, పోయిండు అనే పిల్ల "విజ్ఞప్తి చేయడమైనది" అనడం నేర్చింది. మనుషులు అలా మాట్లాడరని ఆమెకు తెలియక కాదు. అలా మాట్లాడేవాళ్లకే అక్కడ ఉద్యోగం ఇస్తారు మరి.

ఆ ఆఫీసుకో కట్టుబాటు ఉంది. సాహెబు సంతకం పెట్టిన వాక్యాలనే చదవాలి. ఒక్క మాట కలిపినా కాంట్రాక్టు రద్దు. తేదీ, వేళ, నంబరు కాగితం మీదే ఉంటాయి, గొంతులో ఉండవు.

ఆగస్టులో ఆ రోజు పన్నెండింటికి మీరా చదివిన హెచ్చరిక సరిహద్దు ఊళ్ల ఫోన్లకు వెళ్లింది. నాలుగింటికి ఎగువన గేట్లు ఎత్తుతారు, ఆరింటికల్లా నీళ్లు వాడలోకి వస్తాయి. రెండింటికి తల్లికి ఫోన్ చేసింది.

"బయలెల్లిండ్రా అవ్వా?"

"ఏడికి బిడ్డా?"

"నేను పంపింది ఇనలేదా?"

"ఇన్నం. పోయినేడుదే గదా. మస్తు మాట్లాడినవ్."

మీరాకు అప్పుడు సంగతి తట్టింది. నిరుటి హెచ్చరికను శివవ్వ ఫోన్లోంచి తీసెయ్యలేదు. కూతురి గొంతు గదా! కలుపు తీసే చోట వినిపించింది, పెళ్లిళ్లలో వినిపించింది, మాహూర్ పోయే బస్సులో పక్క సీటువాళ్లకూ వినిపించింది. నిరుడు నీళ్లూ రాలేదు. ఈసారీ కాగితంలో మాటలు అవే. అవి మళ్లీ మోగేసరికి, శివవ్వే పాతది మళ్లీ పెట్టిందని, బిడ్డ మీద ప్రేమ పొంగిందని వాడంతా నవ్వుకుంది.

"అవ్వా, గది కాదు. గిది ఇయ్యాల్టిది. మందిని లేపు!"

"నేను లేస్తగని, మంది నా మాట ఇంటరా? మనింటి పక్క హన్మాండ్లు కాకైతే మంచం దిగుతలేడు."

మీరా సాహెబు గదికి పరుగెత్తింది. మీటింగ్‌లో ఉన్నారన్నాడు ప్యూను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ వెళ్లి తలుపు దగ్గర బతిమిలాడింది. కొత్త మాటలకు సంతకం పెట్టేవాళ్లు ఇంకొకరు లేరు. మూడున్నర అయింది. ఎనిమిదేళ్లుగా ఊళ్లను కాపాడుతున్నానని చెప్పుకున్న మనిషికి, కన్నతల్లి వాడను కదిలించే మాట ఒక్కటి దొరకలేదు. ఇంతకంటే దిక్కుమాలిన చదువు ఉంటుందా?

మెట్ల కింద నిలబడి సొంత ఫోన్లో మాట్లాడింది.

"నేను శివవ్వ బిడ్డను, మీరాను. ఇయ్యాల బేస్తారం, మూడున్నర అయితుంది. గిది పోయినేడుది కాదు. ఓ హన్మాండ్లు కాకా, మంచం మీదికెల్లి లేస్తవా, నీళ్లల్ల కొట్టుకపోతవా? మీ పాడుగాను, మేకలను ఇప్పుండ్రి, పోరగాండ్లను ఎత్తుకోండ్రి, బడికాడికి ఉర్కుండ్రి! మా అవ్వ సస్తది, మీరు సస్తరు, నేను ఎవలకు జెప్పుకోవాలె?"

ఏడుపుతో సహా వాడ గ్రూపులో పడేసింది.

ఐదున్నరకు సాహెబు పిలిచారు. ఆ తిట్లు ఊళ్లు దాటి ఆయన ఫోన్‌కూ చేరాయి.

"కోణాచ్యా పరవానగీనే?" ఎవరి అనుమతితో అని అడిగారు. నీ గొంతంటే సర్కారు గొంతు, ఇవేనా సర్కారు మాటలు అన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు.

బయటికి వచ్చేసరికి తల్లి ఫోన్.

"అందరం బడికాడ ఉన్నం బిడ్డా. హన్మాండ్లును మంచంతోనే మోసుకచ్చిండ్రు. నీళ్లు మన ఇంట్లకు అచ్చినయ్. నీ కొలువుకేం గాలె గదా?"

"రేపటి సంది రావద్దన్నరు" అంది మీరా. అటువైపు కాసేపు గుసగుసలు.

"ఇను బిడ్డా. సార్లు మాట్లాడినట్ల మంచిగ మాట్లాడి ఇంకోటి పంపు. గది ఇనే లేసినమని మీ సారుకు అందరం జెప్తం. ఒట్టుపెట్టి జెప్తం."

మీరా మెట్ల మీద కూలబడి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "నదీ తీర ప్రజలకు..." అంది. చెరిపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. అక్కడ బడి దగ్గర వాడంతా వానలో తడుస్తూ ఆ మాటల కోసం ఎదురుచూస్తోంది.