దండకు పనికిరాని నవ్వు

ఊళ్ళు తిరిగి తీసిన ఫోటోలను పెద్ద ప్రింట్లు వేసి, మెదక్‌లోని నా చిన్న షాపులో అమ్ముకుంటాను. అందరూ ఎక్కువగా కొనేది, నర్సాపూర్ అంగడిలో మేకను పట్టుకుని, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతున్న ముసలాయన ఫోటో. ఈ రోజు పొద్దున ఒక అక్కా తమ్ముడూ వచ్చి దాని ముందు నిలబడిపోయారు. ఆయన వాళ్ళ నాన్న. నిన్ననే పోయాడట. ఇంట్లో ఆధార్ కార్డు మీద తప్ప ఆయన ఫోటో ఇంకెక్కడా లేదట.

“మేకను తీసెయ్యన్నా. జర ఆయన నోరు గూడ మూసినట్టు చెయ్యి. నవ్వే మొఖానికి దండ ఎట్లేస్తం? సుట్టాలు ఏమనుకుంటరు?” అన్నాడు తమ్ముడు.

కంప్యూటర్‌లో మేకను తీసేయడం తేలికే అయింది. నోరు మూయడమే కష్టమైంది. పెదవులు కలిపాక కూడా కళ్ళు నవ్వుతూనే ఉంటే, వాటినీ సరిచేశాను. ప్రింట్ చూసి తమ్ముడు “మంచిగొచ్చింది” అన్నాడు. అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని అక్క మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని బావురుమంది.

“ఇప్పుడు సచ్చిపోయిండన్నా మా నాయిన.”

నా పనితనానికి ఇంతకంటే మెప్పు దొరకదేమో. సాయంత్రం ఒకాయన వచ్చి నవ్వే ఫోటో రేటు అడిగితే, దాన్ని దించి లోపల పెట్టేశాను.

మీ ఇంట్లో దండ వేసిన ఫోటోల్లో నవ్వుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకసారి గోడ వైపు చూసి చెప్పండి.