కుడిచేతి క్లచ్

ఆ వీధిలో ఆవిడని అందరూ టైలరక్క అనేవాళ్లు. భర్త మందుల షాపులకి సరుకు చేరవేసేవాడు. బండికి రెండు పక్కలా పెద్ద సంచులు వేలాడదీసుకుని పొద్దున్నే బయల్దేరితే, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవాడు. నోరు ఊరుకునే మనిషి కాదు. వాళ్లది విచిత్రమైన పెళ్లి. చొక్కాకి పెద్ద జేబులు కుట్టించుకోడానికి వచ్చినవాడు, లూజుందని ఒకసారి, బిగుతైందని ఇంకోసారి, అదే చొక్కా పట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చాడు. చివరికి ఆవిడే విసుగెత్తి, "మీకు పని చొక్కాతోనా, నాతోనా?" అని అడిగేసింది. ఆయన నోట మాట పడిపోవడం అదే మొదలు, అదే చివర అని ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

జబ్బు గుండీల దగ్గర మొదలైంది. ఆయన ఎడమచేతి వేళ్లు చొక్కా గుండీని పట్టుకోలేకపోయేవి. నిద్రలో చెయ్యి ఒత్తుకుని తిమ్మిరెక్కి ఉంటుందిలే అనుకున్నారు. ఒకరోజు సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టు జారి, బండి ఎగిరి ముందున్న ఆటోని గుద్దింది. అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లారు. నరాల జబ్బన్నాడు డాక్టరు. చేతుల్లోంచి మెల్లగా ఒళ్లంతా పాకుతుంది, ఆపే మందు లేదు అన్నాడు. మెట్లు దిగుతూ ఆయన మాత్రం, "కుడిచెయ్యి బాగానే ఉందిగా, దాని పని చూద్దాం" అన్నాడు.

మర్నాడే మెకానిక్ ఇంటికొచ్చాడు. "క్లచ్ కుడిపక్కకి మార్చొచ్చన్నా. బ్రేకు దగ్గరే ఇంకో లివరు బిగిస్తాను. వైరే చాలదు. కంపెనీ వైరు ఎడమచేతికి సరిపడానే ఉంటుంది. పొడవుది చేయించాలి" అన్నాడు. లివరు బిగించి, వైర్లు చేసే పెద్దాయన నంబరిచ్చి, "కొలతలు మీరే తీయండక్కా, టేపు మీ చేతిలోదేగా" అని వెళ్లిపోయాడు.

ఫోన్‌లో పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. "పాత వైరు కొలవకమ్మా, అది దండగ. కొత్త వైరు ఎటునుంచి ఎటు పోతుందో ఆ దారంతా పురికొస పరిచి కొలువు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకో. లేకపోతే మలుపులో వైరు లాగేసి, క్లచ్ దానంతటదే పడుతుంది. పై తొడుగు ఎంతో, లోపలి తీగ ఎంతో విడివిడిగా చెప్పాలి."

ఆవిడ భర్తని బండి మీద కూర్చోబెట్టింది. కొత్త లివరు నుంచి హ్యాండిల్ మెడ చుట్టూ, ట్యాంకు కిందుగా ఇంజిన్ దాకా పురికొస పరిచింది.

"ఎడమకి తిప్పండి. ఇంకా... ఇంకా."

"చొక్కా కుట్టేటప్పుడు కూడా నన్నింత తిప్పలేదే నువ్వు!"

"అప్పుడు మీరే నా చుట్టూ తిరిగారు. కదలకండి."

ఇద్దరూ నవ్వారు. పురికొస బిగుసుకుంటే కాస్త వదిలి మళ్లీ కట్టింది. లోపలి తీగ ఎంత కదలాలో చూడటానికి, "లివరు పూర్తిగా నొక్కండి" అంది.

లివరు సగందాకా వచ్చి ఆగిపోయింది.

"కొత్తది కదా, బిగుతుగా ఉంది" అన్నాడు.

ఆవిడ తన వేలు పెట్టి చూసింది. దానికింకా వైరే లేదు. ఊదితే కదిలేలా ఉంది. తలెత్తి చూస్తే ఆయన గోడకేసి చూస్తున్నాడు. కుడిచెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉంది. ఎప్పటినుంచి దాస్తున్నాడో! ఆవిడ పురికొస విప్పి టేపు మీద పెట్టింది. కళ్లలో నీళ్లు నిండి అంకెలు అలుక్కుపోతే, తుడుచుకుని మళ్లీ కొలిచింది.

పెద్దాయనకి కొలతలన్నీ చెప్పి, "కాస్త మెత్తగా కదిలేలా చెయ్యండి బాబుగారూ" అంది.

"ఎంత మెత్తగానమ్మా?"

"మీవల్ల ఎంతైతే అంత."

పార్సిల్ వచ్చిన రోజు ఆయన ఉతికిన చొక్కా వేయించుకున్నాడు. మెకానిక్ వైరు బిగించాడు. హ్యాండిల్ ఎటు తిప్పినా ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా వేలాడలేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి పక్కకి జరిగాడు. ఆయన నాలుగు వేళ్లూ లివరు మీద వేశాడు. మెడనరాలు ఉబ్బాయి. లివరు కదల్లేదు. మెకానిక్ తల దించుకుని, తుడిచిన పానానే మళ్లీ తుడుస్తున్నాడు.

"వైరు పొట్టయినట్టుందే" అన్నాడాయన చివరికి, భార్యతో.

"అవునండీ. నేనే తప్పు కొలిచాను. ఇంకోటి తెప్పిస్తాను."

ఆయన ఆవిడకేసి చూశాడు. "నీ కొలత ఎప్పుడే తప్పింది?" అని, ట్యాంకు మీదికి వంగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది.

కొన్నాళ్లు బండి ఊసెత్తలేదు. తర్వాత ఒక పొద్దున ఆయనే, "పాత కొలతదే వైరొకటి తెప్పించు. క్లచ్ మళ్లీ ఎడమపక్కకి మార్పిద్దాం. నువ్వు నేర్చుకో" అన్నాడు.

"ఈ వయసులో నేనా!"

"చేతులే కదా పోయాయి, నోరుందిగా. వెనక కూర్చుని చెప్తాను."

అన్నట్టే నేర్పాడు. ఆవిడ మందపాటి గుడ్డతో వెడల్పాటి పట్టీ కుట్టి, ఇద్దరి నడుములూ కలిపి కట్టేది. కొత్తలో బండి ఆగిపోయినప్పుడల్లా వెనకనుంచి తిట్లు, నవ్వులు. చెయ్యి తిరిగాక ఆయన పాత దారుల్లోనే తిరిగారు. ప్రతి మందుల షాపు ముందూ ఆపించి, "చూశారా, డ్రైవర్ని పెట్టుకున్నాను" అని గొప్పలు పోయేవాడు. ఆ ఎండాకాలమంతా అలా గడిచింది.

వానలు మొదలయ్యాక, ఒకరోజు గతుకు వచ్చినప్పుడల్లా ఆయన హెల్మెట్ వచ్చి ఆవిడ హెల్మెట్‌కి కొట్టుకుంది. మెడ నిలవడం లేదు. ఆవిడ మనిషి నడిచేంత మెల్లగా నడుపుతూ ఇంటికి తీసుకొచ్చింది. పట్టీ ముడి విప్పుతుంటే, "ఇవాళ బాగా నడిపావే" అన్నాడు. మళ్లీ బండెక్కలేదు. ముందు మాట పోయింది. చలికాలం రాకముందే మనిషి పోయాడు.

నెల తిరిగాక మందుల ఏజెన్సీ ఓనరు కబురు పెడితే, ఆయన తిరిగిన రూటే ఆవిడ తీసుకుంది. మొదటి షాపతను, "అన్న ఎలా ఉన్నాడక్కా?" అని అడిగాడు. పోయాడని చెప్పింది. రెండో షాపులోనూ అదే ప్రశ్న. చెప్పింది. అతను గల్లా దిగొచ్చి చేతులు పట్టుకున్నాడు. మూడో షాపులో ముసలాయన పెట్టె అందుకుంటూ, "ఏమ్మా, మీ వాగుడుకాయ ఎలా ఉన్నాడు?" అన్నాడు.

మళ్లీ ఆ మాట చెప్పడం ఆవిడకిక చేతకాలేదు. "బాగానే ఉన్నారండీ" అంది.

"అడిగానని చెప్పు."

"చెప్తాను" అని బండెక్కింది.