ముందు దానికి

ఎంత దాహంగా ఉన్నా మా మావ ముందు తాను తాగేవాడు కాదు. లారీ ఆపి, ఇంజిన్ చల్లారాక తన సీసాలోంచి కాసిన్ని నీళ్లు రేడియేటర్‌లో పోసి, మిగిలినవే నోట్లో పోసుకునేవాడు.

"ముందు దానికిరా, తరవాత మనకి. అది ఆగిపోనాదంటే మనవేటైపోతాం?" అని నవ్వేవాడు.

కిందటి వేసవిలో గరివిడి నుంచి వస్తుండగా ఆ ముసలి లారీ రేడియేటర్ కారిపోయింది. రోడ్డు పక్కన, లారీ ముందే, వడదెబ్బకు పడిపోయిన మావను ఎవరో చూశారు. అప్పటికే ప్రాణం లేదు. పెదాలు పగిలి ఉన్నాయి. చేతిలో ఖాళీ సీసా. రేడియేటర్ మూత తీసే ఉంది.

మొన్న ఇంటి పెరట్లో ఆ లారీకి కొత్త రేడియేటర్ బిగించాను. పాతది విప్పుతుంటే అడుగున మిగిలిన తుప్పునీళ్లు నా చేతుల మీదుగా కారాయి. అవి ఏ నీళ్లో తెలిసి, చాలాసేపు చేతులు తుడుచుకోలేకపోయాను.

పని అయ్యాక ఎండకు నాలుక పిడచగట్టి, "అత్తా, నీళ్లు" అని కేకేశాను. అత్త చెంబు తెచ్చింది. అందుకుని, నాకు తెలియకుండానే రేడియేటర్ వైపు వంచబోయాను.

అత్త నా చెయ్యి పట్టేసుకుంది.

"ముందు నువ్వు తాగు. నువ్వు తాగడం నాను సూడాల."