ఒక బీడీ కాలేంత సేపు

1968 ఏప్రిల్ 23, రెంజల్. ఉన్నవారు: డాక్టరు గారు, వ్యాను డ్రైవరు, పిండిగిర్ని యజమాని, జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు నలుగురు, నేను.

డైరీలో ఆ రోజు ఇంతే ఉంది. మిగతాది రాయడానికి అప్పుడు చేయి రాలేదు.

మాది క్షయ ఉందేమో చూడటానికి ఊరూరా తిరిగి ఛాతీ ఎక్స్‌రేలు తీసే వ్యాను. వెనక ఉన్న చీకటి గదిలో ఫిల్ములు కడగడం, కరెంటు చూసుకోవడం నా పని. ఎండాకాలం మందునీళ్లు వేడెక్కితే ఫిల్ము మీది పొర కరిగి జారిపోతుంది. అందుకని ఆ గదికి చల్లగాలి మిషను పెట్టారు. మా జనరేటరు మీదైనా, ఊళ్లో దొరికే లైను కరెంటు మీదైనా అది నడిచేది. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు స్విచ్చి పిడిని మధ్యలో ఆపి, మిషనుకు కాసేపు విశ్రాంతి ఇవ్వాలి. లేకపోతే మూలిగి ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ కాసేపును డ్రైవరు అన్న ఒక బీడీతో కొలిచేవాడు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఏసీ ఆగి మళ్లీ మొదలయ్యేలోపు, ఆ నిశ్శబ్దంలో నాకు బీడీ వాసన వస్తుంది.

ఆ మధ్యాహ్నం ఫిల్ములు మందులో ఉండగా జనరేటరు ఆగిపోయింది. పక్క గిర్ని నుంచి లాగిన వైరు సిద్ధంగానే ఉంది. అన్న పరుగున వచ్చి పిడిని ఒక్క ఊపులో లైను వైపు వేశాడు. ఫ్యూజు పోయింది. కొత్త తీగ చుట్టి పెట్టాను. ఆయన వెంటనే మళ్లీ వేశాడు, అదీ పోయింది.

"బీడీ ముట్టియ్యకుండనే ఏస్తున్నవేందన్నా?"

"ఇడిసిపెట్టిన." ఆయన నా వైపు చూడలేదు. "లోపట నా ఫిల్ము గూడ ఒకటున్నది తమ్మీ. పొద్దుగాల తీసిండ్రు."

ఆయన దగ్గును అన్ని నెలలూ రోడ్డు దుమ్ము మీదికి నెట్టుకొచ్చాను. తెచ్చిన ఫిల్ములు ఆ రోజుతో అయిపోయాయి. ఆయనది చెడిపోతే మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియదు.

అప్పుడు చూశాను, మీటరు ముల్లు సగం దాకే లేస్తోంది. గిర్ని తిరుగుతున్నంతసేపు మిషనుకు కరెంటు చాలదు. అన్న వెళ్లి కాసేపు ఆపమని అడిగాడు.

"బండిల మీకు సల్లగాలి, ఇంట్ల మాకు పస్తులా బిడ్డా?" అంది ఒక అవ్వ.

ఆయన సంగతి చెప్పాడు. అవ్వ తన జొన్నల గంప కిందికి దించుకుంది. గిర్ని ఆగింది. నేను ఫ్యూజుకు మళ్లీ తీగ చుట్టి, పిడిని మధ్యలో ఆపాను.

అన్న తన జేబులో మిగిలిన బీడీకట్ట నా చేతిలో పెట్టి, నన్ను ముట్టించమన్నాడు. నాకు అలవాటు లేదు. ఊరికే పట్టుకుంటే బీడీ ఆరిపోతుంది, పీలుస్తూనే ఉండాలి. నేను దగ్గుతుంటే ఆయన నవ్వాడు.

"ముందుగాల నీ ఫోటువ తియ్యాలె."

బీడీ అయ్యాక పిడి వేశాను. మిషను అందుకుంది. ఫిల్ములు దక్కాయి.

మరునాడు పొద్దున డాక్టరు గారు ఆరిన ఫిల్ముల్లోంచి అన్నది తీసి కిటికీ వెలుగుకు పట్టి, పైభాగంలో తెల్లటి మచ్చ మీద వేలు పెట్టారు. అన్న ఆస్పత్రిలో చేరడానికి నిజామాబాదు బస్సెక్కాడు. బస్సు కదిలాక నేను వ్యానులోకి వచ్చి, బాగుచేసిన జనరేటరు మీదికి మార్చడానికి పిడిని మధ్యలో ఆపాను. చేతికి గడియారం ఉంది. అయినా ఆయన కట్టలోంచి ఒక బీడీ తీసి ముట్టించాను.