తుపాకిలో మిగిలిన మందు

మా అల్లుడు వేటకు వాడింది పాత రకం తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరాలి. పేలేది ఒక్కసారే. మా నాన్న వేరుశనగ చేలో పందుల కోసం పెట్టుకున్నదీ అలాంటిదే. ఇక్కడ కెనడాలో, లండన్ అనే మా ఊరి పక్క పల్లెల్లో, నవంబరులో, జింకలు ఎదకొచ్చే రోజుల్లో, దాంతో వేటాడనిస్తారు. లైసెన్సు తీసుకుని మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ వెళ్లేవారు. ఒక జింక పడితే చలికాలమంతా మాంసం కొనక్కర్లేదు.

ఒక యేడు అతను పొద్దున్నే మందు కూరి వెళ్లాడు. జింక కనపడలేదు. మర్నాడు పనికొస్తుందని, మందుకు నిప్పంటించే క్యాపు మాత్రం తీసేసి, తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేసి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. గుండె ఆగిందన్నారు.

ఏడాదిపాటు తుపాకి అలాగే ఉంది. బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లల్ని పెట్టుకున్నాం. ఊరు నిండా మన దేశం నుంచి చదువుకొచ్చిన పిల్లలే అప్పుడు. ఆ అద్దెతో ఇల్లు నడిచింది.

“నీ పసివాడు తిరిగే ఇల్లు. ఆ తుపాకిని తీసుకెళ్లి ఏ మట్టిగట్టుకో పేల్చి రా,” అన్నాను అమ్మాయితో.

“క్యాపు లేదు కదమ్మా. పేలదు.”

“లోపల మందున్నంతవరకు నాకు నిద్ర పట్టదు.”

“ఆయన చేత్తో చేసిన ఆఖరి పని అది. మట్టిలోకి పేల్చమంటావా?”

నేను మెత్తబడలేదు. మళ్లీ నవంబరు వచ్చాక తనే అంది, “వేటకని పోశాడు. వేటలోనే పేలుస్తా. నువ్వూ రా.”

చీర మీద కోటు, కోటు మీద వేటగాళ్ల నారింజరంగు చొక్కా. మెట్ల దగ్గర అద్దెకున్న పిల్ల నవ్వింది.

“అమ్మమ్మగారూ, మీరు కూడా వేటకేనా?”

“కాదు, పెళ్లికి. కింద లైట్లార్పావా?”

తెలిసిన రైతు పొలం చివర, మొక్కజొన్న కోసేసిన చోట కూర్చున్నాం. కాస్త ఎండొచ్చాక చెట్లలోంచి ఆడజింక ఒకటి బయటికొచ్చింది. వెనకే పోతు, మెడ ఉబ్బి, ముక్కు నేలకానించుకుని. మేమున్నామన్న ధ్యాసే లేదు దానికి. అమ్మాయి క్యాపు పెట్టింది. గురి చూసింది. చూస్తూనే ఉంది.

“కొట్టవే,” అన్నాను.

కొట్టింది. ఏడాది కింద కూరిన మందు ఒక్క దెబ్బకే అంటుకుంది. తెల్లటి పొగ మమ్మల్ని కమ్మేసింది. పక్కకి వంగి చూస్తే, పోతు పడి ఉంది.

“పడింది. పద.”

“ఉండమ్మా. ఈ పొగ పోనీ.”

తుపాకిని గుండెకానించుకుని ఆ పొగలోనే నిలబడింది. ఒక్కదాన్నే జింక దగ్గరికి నడిచాను. ప్రాణం లేదు దాన్లో. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. వెనక్కి తిరిగి చూశాను. పొగ ఎప్పుడో విడిపోయింది. మా అమ్మాయి అక్కడి నుంచి కదల్లేదు.