చాటు మేళ్లు కలిసిన పొట్టేలు కూర

పొట్టేలు కూర తిన్న ఊరు ఊరంతా బోరింగు దగ్గర చెంబులు పట్టుకుని నిలబడటం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, నిలబెట్టిందే నేను.

అవి నేను మార్కాపురం గ్రంథాలయంలో బెంచీలు అరగదీస్తున్న రోజులు. చెదలు వదిలేసిన పుస్తకాన్ని కూడా నేను వదిలేవాణ్ణి కాదు. పిల్లలకు నీతి చెప్పి నేర్పకూడదు, చేయించి నేర్పాలని వాటిలో ఒకదాంట్లో చదివాను. మా ఊరి చర్చిలో సండే స్కూల్ చెప్పేది నేనే. కోతికి కొబ్బరి చిప్ప దొరికింది.

ఆ వారం పాఠం, కుడిచేయి చేసే మేలు ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట.

"ఆదివారం మరియమ్మత్త ఇంట్లో మొక్కు విందు ఉంది కదా. అక్కడ తలా ఒక మేలు చేయండి. ఎవరికీ చెప్పొద్దు. చెబితే ప్రతిఫలం పోతుంది," అన్నాను.

"నీకు గూడా చెప్పగూడదా అన్నా?" అని అడిగింది సునీత. ఆ పిల్ల అడిగే ప్రశ్నలకు గ్రంథాలయంలో బీరువా చాలదు.

"నాకు కూడా."

"మరి మేము చేసినామో లేదో నీకెట్ల తెలుస్తాది?"

ఈ సంగతి పుస్తకంలో లేదు. గంభీరంగా తల ఊపి ప్రార్థన చేసి పంపించేశాను. కానీ ఆ క్షణం నుంచి నాకు ఒళ్లంతా దురదగొండాకు రాసినట్టే ఉంది. ఎవరు ఏం చేస్తారు? అడిగితే నా పాఠం నేనే చెడగొట్టినట్టు. అడక్కపోతే నిద్ర పట్టదు.

మరియమ్మత్త మా నాయనకు చెల్లెలు. ఆమె భర్త ఏసన్న మామ జ్వరంతో మంచం పట్టినప్పుడు, మనిషి లేచి తిరిగితే తాను పెంచుకున్న పొట్టేలును కోసి ఊరికి పెడతానని మొక్కుకుంది. మామ లేచాడు. ఆయన నాలుక మాత్రం లేవలేదు. ఏది పెట్టినా "మన్ను తిన్నట్టుండాది" అని రెండు ముద్దలకే చేయి కడిగేవాడు. మనిషి ఎండిన కందికట్టెలాగా అయిపోయాడు.

"ఈ కూరన్నా ఆయన కడుపునిండా తింటే సాలు అల్లుడా. అప్పుడే ఆ మనిషి నాకు దక్కినట్టు," అంది అత్త నాతో, మసాలా నూరుతూ.

విందు రోజు ఇంటి ముందు షామియానా, ఇంటి వెనక పొయ్యి మీద గుండిగలో కూర. పాస్టరు అయ్యగారు లేచి నిలబడేసరికి అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అందరికీ వినపడేలా చెప్పింది: "కూరలో ఉప్పొకటే ఎయ్యాల. ప్రార్థన కానియ్యండి, ఏస్తా." ప్రార్థన కాకముందు మొక్కు కూరను నాలుకకు తగిలించకూడదని ఆమె పట్టింపు.

అయ్యగారి ప్రార్థన మామ ఆరోగ్యంతో మొదలై, ఎండిన బోర్ల మీదుగా, గిద్దలూరు దాటి, ఢిల్లీ పెద్దల దాకా సాగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థనలో కళ్లు తెరవడం తప్పని నాకూ తెలుసు. అందుకే ఒకటే తెరిచాను.

సునీత ఇంటి వెనక్కి జారుకుంది. కాసేపటికి అరచెయ్యి పావడాకు తుడుచుకుంటూ, దేవదూతలాంటి మొహంతో వచ్చి కూర్చుంది. తరువాత నా సండే స్కూల్ పిల్లల్లోనే దావీదు. ఆ తరువాత ఇంకొకడు. బెల్లం వాసన తగిలిన చీమల్లాగా పోతున్నారు, వస్తున్నారు. నా గుండె ఉప్పొంగింది. ఏం చేస్తున్నారు వీళ్లు? నీళ్లు తోడుతున్నారా, కట్టెలు తెస్తున్నారా?

ఇక ఆగలేక నేనూ లేచి పోయాను. వెనక ఎవరూ లేరు. పొయ్యి పక్కన మూత తీసిన ఉప్పు డబ్బా ఉంది. అత్త మాట గుర్తొచ్చింది. గురువన్నవాడు చేసి చూపించకపోతే ఎట్లా? ఎడమచేతికి తెలియకూడదని దాన్ని వీపు వెనక దాచి, కుడిచేత్తో గుప్పెడు రాళ్లుప్పు వేసి కలిపాను. నేను తిరిగొచ్చి కూర్చున్నాక అయ్యగారు ఆమెన్ అన్నారు. అత్త పరుగున పోయి తన చేతి కొలత తాను వేసింది.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నారు పెద్దలు. కూర సంగతి నాకెవరూ చెప్పలేదు.

బంతిలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పెద్దాయన ఫోటోకు కూర్చున్నట్టు కదలకుండా ఉండిపోయాడు. చివరికి అత్త వైపు తిరిగాడు. "సముద్రం చూడాల్నంటే ఒంగోలు దాటి పోవాల. నువ్వు ఈడికే తెచ్చినావు గదమ్మే మరియా."

అత్త మొహం పాలిపోయింది. "ఎవురురా నా కూరలో ఉప్పేసినోళ్లు? దావీదూ, నీ చేతికేందిరా తెల్లగా?"

"చెప్పగూడదత్తా. చెప్తే ప్రతిఫలం పోతాది."

"ప్రతిఫలం నేనిస్తా, దగ్గరికి రా." అత్త గరిటె అందుకుంది.

"వాణ్ణెందుకు అడుగుతావు, అన్నను అడుగు," అంది సునీత. "అన్న ఏం మేలు చేస్తాడోనని మేమంతా సందులోంచి చూసినాం. గుప్పెడేసినాడు. చెప్పగూడదని ఊరుకున్నాం."

దురద నా ఒక్కడిదే కాదన్నమాట.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఉప్పు వేసినవాడు నీళ్లు మోయక తప్పదని ఆ రోజు తెలిసింది. నేను బోరింగు కొడుతూనే ఉన్నాను, ఊరు తాగుతూనే ఉంది. ఉప్పు లేని సంగటి మళ్లీ కెలికి, ఇంతింత ముద్దకు వేలి కొసంత కూర అద్దుకుని తిన్నారు జనం. అత్త పొయ్యి దగ్గర కూలబడి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "ఇంగ ఆయనేం తింటాడు నాయనా."

అప్పుడు అరుగు మీద నుంచి ఒక గొంతు. "మరియా, ఇంగొంచెం కూర తే."

అందరం తిరిగి చూశాం. ఏసన్న మామ కంచం అద్దంలాగా ఉంది. వేళ్లు నాకుతున్నాడు. "ఇన్ని దినాలకు నోటికి రుచి తగిలింది. ఏం చేసినావే కూర."

అత్త గిన్నెడు తెచ్చి పోసింది. మామ అదీ తిన్నాడు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా మా వైపు తిరిగింది. "నాయనా, బంగారాలు, ఎవురెవురు ఎంతెంత ఏసినారో చెప్పండి. రేపు గూడా ఆయనకట్లనే వండాల."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పం," అన్నాడు దావీదు.

ఆ సాయంత్రం బొబ్బలెక్కిన చేతులతో బోరింగు పిడి పట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట నాకు చాటుగా మేలు చేయాలని బుద్ధి పుడితే, ముందు ఊళ్లో చాటింపు వేయించి మరీ చేస్తాను.