రెండు మామిడి చెట్ల మధ్య తీగ

సాయంత్రం ఐదూ పదికి గాలి లేచింది. నేను పనికి వచ్చిన నగరం బయట, పల్సానా దాటాక, మా యజమాని సేఠ్ తోటలో నాలుగు చెట్ల చుట్టూ కట్టిన రాగి తీగ తెగి గడ్డిలో పడింది. అది నా హామ్ రేడియో యాంటెన్నా, దూరాల నుంచి మాట్లాడుకునే సొంత రేడియోది. ఆరింటికి అన్న పిలుస్తాడు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవి అది. అన్న మా ఊరు సిరిసిల్లలో, ఇంట్లోనే, ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఫోన్లో మాట్లాడితే ఆయాసం. నాకు రేడియో నేర్పింది ఆయనే. మంచం పక్కన మోర్స్ కీ, చుక్కలూ గీతలూ కొట్టి మాటలు పంపే మీట, పెట్టించుకుని, కళ్లు మూసుకునే ఒక్క వేలితో నాలుగు మాటలు కొట్టేవాడు. నగరంలో, పర్వత్ పాటియాలోని నా గదిలో కరెంటు రొద ఆ చప్పుడును మింగేసేది. అందుకే తోటకు మారాను.

ఏ తీగ కట్టాలన్నదానిపై మాకు ముందే వాదన అయింది. నాకు పెద్ద చుట్టు కావాలి, నలభై మీటర్లది.

"గంత పెద్దది నీకెందుకురా? రెండు చెట్ల నడుమ ఇరవై మీటర్లు సాలు," అన్నాడు అన్న ఫోన్లో, ఒంట్లో కాస్త బాగున్న రోజున. "ఏది కట్టినా బిగబట్టి కట్టకు. చెట్టు ఊగుతది. మగ్గంల పడుగు దారం సుట్టిన బీమ్‌కు బరువు ఏలాడేస్తం గదా, గట్లనే."

నేను పెద్దదే, బిగించే కట్టాను. మరమగ్గాల మధ్య పెరిగినవాణ్ని, ఆ మాత్రం తెలియాల్సింది.

వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, ఇయ్యాల మీ అన్నకు పానం మంచిగ లేదు. అయినా కీ ఇయ్యుమంటున్నడు. ఇనబడుతదా?"

"ఇనబడుతది వదినా," అన్నాను. తీగ నా కాళ్ల దగ్గరే పడి ఉంది.

పెద్ద చుట్టును అతికించి మళ్లీ ఎక్కించే సమయం లేదు. పది మీటర్ల ముక్కలు రెండు కోసి, మధ్యలో రేడియో కేబుల్ కలిపాను. తాడుకు రాయి కట్టి మామిడి కొమ్మ మీదికి విసిరాను. రెండుసార్లు తప్పింది.

"ఏంది సారూ, కాయలు రాలగొడుతున్నవా?" అన్నాడు తోట కాపలాదారు, మా జిల్లావాడే. సంగతి చెప్పగానే తాడు పట్టుకున్నాడు. ఒక కొసను చెట్టుకు కట్టాం. రెండో కొస తాడును కొమ్మ మీదుగా జార్చి ఇటుక వేలాడదీశాం. చెట్టు ఊగింది. ఇటుక లేచి దిగింది. తీగ నిలిచింది.

ఆరూ మూడుకు గరగర తప్ప ఏమీ లేదు. ఆరూ ఏడుకు, ఆ గరగర అడుగున, అన్న కీ కొట్టే చప్పుడు. వేగం సగానికి పడిపోయింది. ఏ తీగ అని అడిగాడు.

చిన్నది, ఇటుకతో, అని కొట్టాను.

సెలవు తీసుకునేటప్పుడు హామ్‌లు చివర రెండు చుక్కలు కొట్టుకుంటారు. ఆయన రెండు కొట్టాడు. నేను రెండు కొట్టాను.

తెల్లారేసరికి అన్న లేడు.

వానలకు ముందు తీగ దించేశాను. సాయంత్రం ఆరింటికి ఇప్పుడు రేడియో పెట్టను.